30 స్టిక్‌లా, 5 పళ్లా? ఒక బాండ్ స్ట్రెంగ్త్ వ్యాసాన్ని పరీక్షించిన కేసు

మా కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ (పుచ్చిన పళ్లను బాగుచేసే) విభాగంలో పీజీల థీసిస్‌లు ఎక్కువగా ల్యాబ్‌లోనే నడుస్తాయి. ఓరల్ సర్జరీ నుంచి తెచ్చుకున్న పళ్లు, రెండు మూడు కంపెనీల మెటీరియల్, బయట ఇంజినీరింగ్ ల్యాబ్‌లో డబ్బు కట్టి వాడుకునే యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్, చివరికి స్టాటిస్టీషియన్ పంపే పట్టికలు: ఇదీ సరంజామా. ఎండీఎస్ (దంతవైద్య పీజీ) మూడేళ్లలో రోగుల మీద ట్రయల్ మొదలుపెట్టి, ఫాలోఅప్ ముగించి, థీసిస్ బైండింగ్‌కి ఇవ్వడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరూ ఈ ఎంపికను తప్పుపట్టరు. చిక్కంతా రాసే దగ్గరే వస్తుంది. రోగులున్న ట్రయల్ అయితే 1996 నుంచీ కన్సార్ట్ చెక్‌లిస్ట్ (ట్రయల్ వ్యాసంలో ఏమేం రాయాలో చెప్పే జాబితా) వెంటపడుతూనే ఉంది. పీకేసిన పన్ను మీద చేసిన పనికి అంత లెక్కాపత్రం ఎందుకులే అన్న ధోరణి మాత్రం ఇంకా పోలేదు.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక వ్యాసం గురించి. జర్నల్‌కి పంపేముందు దాన్ని నేనూ, ప్రోస్థోడాంటిక్స్‌లో (కట్టుడు పళ్ల విభాగం) పనిచేసే ఒక సహోద్యోగీ విడివిడిగా పరీక్షించాం. రాసిన అమ్మాయి అనుమతి తీసుకునే ఇదంతా రాస్తున్నాను. మెటీరియల్ పేర్లు, గుర్తుపట్టే వీలున్న మిగతా వివరాలు తీసేశాను.

వ్యాసంలో ఏముంది

రెండు యూనివర్సల్ బాండింగ్ ఏజెంట్లలో (ఫిల్లింగ్‌ను పన్నుకి అతికించే ద్రవాలు) ఏది డెంటిన్‌కి (ఎనామిల్ కింది పొర) గట్టిగా పట్టుకుంటుంది, ముందుగా 2% క్లోర్‌హెక్సిడిన్ (క్రిమినాశక ద్రావణం) పూస్తే ఆ పట్టు మారుతుందా అన్నది ప్రశ్న. రెండు ఏజెంట్లు, ఒక్కోటీ క్లోర్‌హెక్సిడిన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. అలా నాలుగు గ్రూపులు. పరీక్ష మైక్రోటెన్సైల్.

ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జ్ఞానదంతం పైభాగాన్ని కోసేసి, చదునైన డెంటిన్‌ను బయటపెట్టి, ఆసిడ్‌తో ఎచింగ్ చేసి, బాండింగ్ ఏజెంట్ పూసి, దానిమీద కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) దిమ్మ కడతారు. 37 డిగ్రీల నీళ్లలో ఒక రోజు ఉంచాక డైమండ్ బ్లేడుతో నిలువుగా, అడ్డంగా కోస్తారు. సుమారు 1 చదరపు మిల్లీమీటర్ కొలత ఉన్న సన్నటి కడ్డీలు వస్తాయి. మేం వాటిని స్టిక్‌లంటాం. ఒక కొసన కాంపోజిట్, రెండో కొసన డెంటిన్, నడుమ బాండింగ్ పొర. ఒక్కో స్టిక్‌ను మెషీన్‌లో లాగి, తెగినప్పటి బలాన్ని వైశాల్యంతో భాగిస్తే మెగాపాస్కల్స్‌లో విలువ దొరుకుతుంది. 1994లో సానో బృందం ప్రచురించిన పనితో ఈ పద్ధతికి ఊపొచ్చింది. ఒక్క పన్ను నుంచి బోలెడు విలువలు రావడం దీని ఆకర్షణ. ఈ కేసులో మా తలనొప్పి కూడా అదే.

వ్యాసం ప్రకారం జ్ఞానదంతాలను 'యాదృచ్ఛికంగా' నాలుగు గ్రూపులు చేశారు. ఒక్కో గ్రూపులో ఎన్ (నమూనాల సంఖ్య) = 30. రెండు దారుల ఎనోవాలో (గ్రూపుల సగటులను పోల్చే గణాంక పరీక్ష) మొదటి ఏజెంట్ పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 కంటే తక్కువతో గెలిచింది. క్లోర్‌హెక్సిడిన్‌తో తేడా ఏమీ రాలేదు. ముగింపులో 'క్లినిక్‌లో మొదటి ఏజెంట్‌నే సిఫార్సు చేయవచ్చు' అన్నారు. ఇంగ్లిష్ శుభ్రంగా ఉంది, ఫోటోలు బాగున్నాయి. పైపైన చదివితే వంక పెట్టడానికేమీ కనిపించదు.

కొలబద్దల ఎంపిక

దంతవైద్య ల్యాబ్ అధ్యయనాలకు కొలబద్దలు లేవని ఇప్పుడెవరూ అనలేరు. 2012లో ఫాజియన్ అనే పరిశోధకుడు కన్సార్ట్‌ను దంత మెటీరియల్స్ ప్రయోగాలకు సరిపోయేలా మార్చి 14 అంశాల జాబితా ఇచ్చాడు. 2014లో మన దేశపు దంతవైద్యులే క్రిస్ పేరుతో ఒక ప్రతిపాదన రాశారు. నమూనా పరిమాణం, తయారీ, కేటాయింపు, బ్లైండింగ్ (ఏ నమూనా ఏ గ్రూపుదో కొలిచేవారికి తెలియకుండా ఉంచడం), గణాంకాలు ఎలా చెప్పాలో అందులో ఉంది. రూట్ కెనాల్ రంగానికి విడిగా 2021లో ప్రైల్ వచ్చింది. ఇవన్నీ రాతకు సంబంధించినవి: ఏం చేశావో చెప్పు అంటాయి. చేసింది ఎంతవరకు నమ్మదగ్గదో తూచేవి వేరు. క్విన్, 2022లో వచ్చిన రాబ్‌డిమాట్ ఆ కోవకు చెందినవి. మన పీజీల సిస్టమాటిక్ రివ్యూలలో (పాత అధ్యయనాలను పోగేసి తూచే వ్యాసాలు) ఈ రెండు కోవలూ తరచూ కలగాపులగం అవుతాయి. కన్సార్ట్ టిక్కులు లెక్కపెట్టి 'బయాస్ (ఫలితం ఒకవైపు మొగ్గడం) తక్కువ' అని రాసేస్తారు.

మేం రాత కోసం ఫాజియన్ జాబితాను, బయాస్ కోసం క్విన్‌ను తీసుకున్నాం. క్విన్‌లో 12 అంశాలు. స్పష్టంగా చెప్తే 2, అరకొరగా చెప్తే 1, చెప్పకపోతే 0. వచ్చిన మొత్తాన్ని శాతంగా మారుస్తారు. 70 దాటితే బయాస్ ముప్పు తక్కువ, 50 నుంచి 70 అయితే మధ్యస్థం, 50 లోపు అయితే ఎక్కువ. నిజానికి ఇలా మార్కులు కూడడం నాకు నచ్చదు. పీజీలందరూ దీన్నే వాడుతున్నారు కాబట్టి, ఇది ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చేతులెత్తేస్తుందో వాళ్ల సొంత వ్యాసం మీదే చూపిద్దామని ఎంచుకున్నాను.

మొదటి చదువు

ఫాజియన్ జాబితాలో నమూనా పరిమాణం దగ్గర మొదలై బ్లైండింగ్ దాకా వరసగా అయిదు అంశాలు ఉంటాయి: ఎన్ని నమూనాలు, ఎందుకన్ని, యాదృచ్ఛిక వరస ఎలా తయారైంది, దాన్ని ముందే తెలియకుండా ఎలా దాచారు, ఎవరు అమలుచేశారు, ఎవరికి ఏది తెలియదు. ఈ వ్యాసంలో ఆ అయిదింటికీ 'యాదృచ్ఛికంగా' అన్న ఒక్క మాటే జవాబు. మిగతావి ఫర్వాలేదు. లక్ష్యం, పోలిక గ్రూపు, కొలిచిన పద్ధతి బాగానే రాసింది.

క్విన్‌లో నా లెక్క 24కి 12, అంటే సరిగ్గా 50%. మా ప్రోస్థో సార్ లెక్క 11, దాదాపు 46%. తేడా వచ్చింది ఒక్క అంశం దగ్గరే. 'యాదృచ్ఛికంగా' అన్న మాట ఉంది కదా అని నేను 1 ఇచ్చాను. పద్ధతి చెప్పని మాటకు విలువేముందని ఆయన 0 ఇచ్చారు. ఆ ఒక్క మార్కుతో వ్యాసం నా పట్టికలో 'మధ్యస్థం', ఆయన పట్టికలో 'ఎక్కువ' అయింది. ఇద్దరు పరీక్షకులు పన్నెండింట పదకొండు చోట్ల ఏకీభవించి కూడా వేర్వేరు తీర్పులు ఇచ్చారన్నమాట. రివ్యూలలో రంగుల పట్టిక చూసినప్పుడల్లా ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎవరు చెప్పింది సరైనదో తేల్చడానికి వ్యాసం చాలదు. లాగ్‌బుక్ తెమ్మన్నాం.

లాగ్‌బుక్ తెరిచాక

"ఏమ్మా, పళ్లను గ్రూపులుగా ఎలా పంచావు?"

"జాడీలోంచి తీసిన వరసలో సార్. మొదటి అయిదు ఒకటో గ్రూపు, తర్వాతి అయిదు రెండోది. ఏ పన్ను వస్తుందో నేనేం ఏరలేదు కదా, అందుకే ర్యాండమ్ అని రాశాను."

ఆ అమ్మాయి అబద్ధం ఆడలేదు. మన కాలేజీల్లో చాలామంది ర్యాండమ్ అంటే ఇదే అనుకుంటారు. కావాలని ఏరకపోతే యాదృచ్ఛికమైపోయినట్టే. అది ఎందుకు చాలదో ఆ లాగ్‌బుక్‌లోనే దొరికింది. జాడీ పైన ఉన్నవి కొత్తగా పీకిన పళ్లు, అడుగున ఉన్నవి నెలల కిందటివి. బంధన పరీక్షల కోసం ఉన్న ఐఎస్‌ఓ 11405 పత్రం, పీకిన నెలలోపు వాడితే మంచిదని, ఆరు నెలలు దాటకూడదని చెబుతుంది. నిల్వకాలం డెంటిన్‌ను మార్చవచ్చన్న భయంతో పెట్టిన హద్దు అది. ఇక్కడ ఒకటో గ్రూపుకి తాజా పళ్లు పడ్డాయి, నాలుగో గ్రూపుకి పాతవి. వ్యాసంలో 'సెలైన్‌లో నిల్వచేశాం' అని తప్ప ఎంతకాలమన్నది లేదు.

రెండో సంగతి, గ్రూపులను ఒకదాని తర్వాత ఒకటిగా ముగించింది. ఒకటో గ్రూపు మొత్తం అయ్యాక రెండోది. చేయి తిరిగే కొద్దీ కోతలో నైపుణ్యం పెరుగుతుంది. మరోవైపు, తెరిచిన సీసాలోంచి ఇథనాల్, అసిటోన్ లాంటి ద్రావకం ఆవిరైపోతూ ఉంటుంది. ఈ రెండింటి ప్రభావమూ ఏ గ్రూపు మీద ఎంత పడిందో ఇప్పుడు విడదీయలేం. క్లినికల్ ట్రయల్‌లో ర్యాండమైజేషన్ రోగుల మధ్య తేడాలను పంచేస్తుంది. ల్యాబ్‌లో అది పళ్ల మధ్య తేడాలతో పాటు రోజుల మధ్య తేడాలనూ, చేతి అలవాటునూ, సీసా వయసునూ పంచాలి. 'పన్నుకి ప్లేసిబో ప్రభావం ఉండదు కదా సార్' అని పీజీలు అంటుంటారు. పన్నుకి ఉండదు, కోసే చేతికి ఉంటుంది.

బ్లైండింగ్ సంగతీ అంతే. టెస్టింగ్ మెషీన్ నడిపింది బయటి ల్యాబ్ టెక్నీషియన్. అతనికి ఏ ఏజెంట్ గెలిచినా ఒకటే. ఖర్చు లేకుండా బ్లైండింగ్ సాధించే అవకాశం అక్కడ చేతికందేంత దూరంలో ఉంది. కానీ డబ్బాల మీద ఏజెంట్ పేరులోని మొదటి అక్షరాలే రాసి పంపింది. తెగిన చోటును స్టీరియోమైక్రోస్కోప్‌లో చూసి అధీసివ్ (బాండింగ్ పొర దగ్గర తెగింది), కొహీసివ్ (డెంటిన్ లేదా కాంపోజిట్ లోపలే తెగింది), మిక్స్‌డ్ (రెండూ) అని తేల్చింది కూడా తనే, ఆ లేబుళ్లు చూస్తూనే. బలం విలువ మెషీన్ ఇస్తుంది కాబట్టి అక్కడ ఊగిసలాట తక్కువ. తెగిన తీరును నిర్ణయించేది మాత్రం కన్ను.

క్యూరింగ్ లైట్ (కాంపోజిట్‌ను గట్టిపరిచే దీపం) గురించి వ్యాసంలో '20 సెకన్లు' అని మాత్రమే ఉంది. ఎంత తీవ్రతతో అన్నది చెప్పకుండా సెకన్లు చెప్తే ఏమీ చెప్పనట్టే. చదరపు సెంటీమీటరుకి 1000 మిల్లీవాట్ల లైట్ 20 సెకన్లలో 20 జౌల్స్ ఇస్తుంది. 400కి పడిపోయిన పాత లైట్ అదే 20 సెకన్లలో 8 జౌల్స్ ఇస్తుంది. అదృష్టవశాత్తూ తను రేడియోమీటర్‌తో రోజూ కొలిచింది, లాగ్‌బుక్‌లో రాసింది కూడా. వ్యాసంలో పదాల పరిమితి కోసం తీసేసిందట. అదే వ్యాసంలో క్లోర్‌హెక్సిడిన్ చరిత్ర మీద ఒక పేజీ ఉంది!

ఆర్థిక సహాయం దగ్గర 'ఏమీ లేదు' అని రాసింది. గెలిచిన ఏజెంట్ సీసా డీలరు ఉచితంగా ఇచ్చిన శాంపిల్ అని లాగ్‌బుక్ చెప్పింది. ఒక సీసాకి ఎవరూ అమ్ముడుపోరు, అయినా రాయాలి.

ముప్పై ఎక్కడిది

అసలు బాంబు ఇంకోచోట ఉంది. మొత్తం పళ్లు 20. గ్రూపుకి 5. ఒక్కో పన్ను నుంచి 6 స్టిక్‌లు ఎంచుకుంటే గ్రూపుకి 30. వ్యాసంలో పళ్ల సంఖ్య ఎక్కడా లేదు. ఎన్ = 30 చదివిన ఎవరైనా 120 పళ్లు వాడారనే అనుకుంటారు.

ఒకే పన్నులోని ఆరు స్టిక్‌లకు డెంటిన్ ఒకటే, ట్యూబ్యూల్స్ (డెంటిన్‌లోని సూక్ష్మ గొట్టాలు) సాంద్రత దాదాపు ఒకటే, రోగి వయసు, నిల్వకాలం ఒకటే. పైగా ఎచింగ్ తర్వాత డెంటిన్‌ను ఎంత తడిగా వదిలారో, ఏజెంట్ ఎంత రుద్దారో, గాలి ఎంత ఊదారో అదీ ఒకటే. ఆ పన్ను మీద ఆ పని ఒక్కసారే జరిగింది మరి. ఒకే కుండలోంచి ఆరు మెతుకులు పట్టిచూసి ఆరు కుండలు చూశామనడం లాంటిది ఇది. గణాంకాల్లో దీన్ని లెక్కగట్టే దారి ఉంది. ఒక పన్నులోని విలువల మధ్య పొందిక 0.5 అనుకుందాం. అప్పుడు డిజైన్ ఎఫెక్ట్ (నమూనా సంఖ్యను ఎంతతో భాగించాలో చెప్పే అంకె) 1 + (6 − 1) × 0.5, అంటే 3.5. కాబట్టి 30 స్టిక్‌లు ఇచ్చే సమాచారం 8 లేక 9 స్వతంత్ర విలువలతో సమానం. పొందిక ఇంకా ఎక్కువైతే అది 5కి దిగుతుంది. ఎనోవాకి ఇదేమీ తెలియదు. 30 అని చెప్తే 30 అనే నమ్ముతుంది, పి-విలువను అందుకు తగ్గట్టే చిన్నది చేసి ఇస్తుంది.

స్టాటిస్టీషియన్‌ను తప్పుపట్టాలా? ఆయనకు వెళ్లిన ఎక్సెల్ షీట్‌లో నాలుగు నిలువు వరసలు, ఒక్కోదానిలో 30 అంకెలు. పన్ను నంబర్ అన్న గడే లేదు. లేని గడిని ఆయనెలా విశ్లేషిస్తాడు?

స్టిక్‌ల ఎంపికలో మరో మెలిక. కోసేటప్పుడే కొన్ని స్టిక్‌లు విరిగిపోతాయి. వీటిని ప్రీటెస్ట్ ఫెయిల్యూర్స్ అంటాం. లాగ్‌బుక్‌లో వాటి లెక్క ఉంది. ఓడిపోయిన ఏజెంట్ గ్రూపుల్లో ఎక్కువ, గెలిచినదాంట్లో తక్కువ. వ్యాసంలో వాటి ప్రస్తావనే లేదు. బతికిన వాటిలోంచి ఆరేసి తీసుకుంది. విరిగినవాటిని సున్నాగా లెక్కేస్తారా, ఆ గ్రూపులో కనిష్ఠ విలువ ఇస్తారా, వదిలేస్తారా అన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. ఏది చేసినా సమర్థించుకోవచ్చు. చెప్పకుండా చేసినదాన్ని మాత్రం సమర్థించలేం. ఇక్కడ వదిలేయడం ఓడిన ఏజెంట్‌కే మేలు చేసింది. పెళుసైనవన్నీ ముందే రాలిపోయి, గట్టివే లెక్కలోకి వచ్చాయి. ఆ రకంగా చూస్తే అమ్మాయికి మొదటి ఏజెంట్ మీద మొగ్గు ఉందన్న అనుమానానికి తావు లేదు.

డేటాను పన్ను నంబర్‌తో మళ్లీ కట్టించాం. ముందు ప్రతి పన్నుకీ సగటు తీసి గ్రూపుకి 5 విలువలతో ఎనోవా, తర్వాత పన్నును ర్యాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి మిక్స్‌డ్ మోడల్ (ఒకే పన్ను స్టిక్‌ల మధ్య పొందికను లెక్కలోకి తీసుకునే విశ్లేషణ). రెండింటిలోనూ సగటుల వరస మారలేదు, మొదటి ఏజెంటే పైన ఉంది. పి-విలువ మాత్రం రెండింటిలోనూ 0.05 దాటిపోయింది. తేడా లేదని దీనర్థం కాదు. గ్రూపుకి అయిదు పళ్లతో తేల్చలేమని.

తిరగరాశాక వచ్చిన మార్కులు

ప్రయోగం ముగిసిపోయింది. చేతిలో ఉన్నది రాత ఒక్కటే. పళ్ల సంఖ్య, స్టిక్‌ల సంఖ్య, విరిగినవి గ్రూపువారీగా, నిల్వకాలం, లైట్ తీవ్రత, ఎవరు కోశారు, ఎవరు కొలిచారు, కొత్త విశ్లేషణ అన్నీ చేర్చింది. కేటాయింపు దగ్గర 'పళ్లను జాడీ నుంచి తీసిన వరసలో కేటాయించాం, ర్యాండమైజేషన్ చేయలేదు' అని రాయించాను. బ్లైండింగ్ లేదనీ, నమూనా పరిమాణాన్ని ముందుగా లెక్కగట్టలేదనీ కూడా. ఉచిత సీసా సంగతి చేరింది. 'సిఫార్సు చేయవచ్చు' వాక్యం పోయింది. క్లోర్‌హెక్సిడిన్ పేరాకి ఒక పరిమితి జతచేసింది. కొలాజెన్‌ను తినేసే ఎంజైముల్ని అణచడం దాని పని, ఆ ఫలితం కనిపించాలంటే నెలల నిల్వ కావాలి, 24 గంటల పరీక్ష దాన్ని పట్టుకోలేదు.

మళ్లీ క్విన్ వేశాం. ఈసారి ఇద్దరి లెక్కా ఒకటే: 24కి 18, అంటే 75%. 'బయాస్ ముప్పు తక్కువ.'

ఒక్క పన్ను కూడా మళ్లీ కోయలేదు. ర్యాండమైజేషన్ సున్నా, బ్లైండింగ్ సున్నా, నమూనా లెక్క సున్నా. అయినా 50 నుంచి 75కి ఎగబాకింది. ఆపరేటర్ వివరాలకు 2, కొలిచినవారి వివరాలకు 2, ఇలా చిల్లర పోగై ప్రధానమైన మూడు సున్నాలనూ కప్పేసింది. క్లినికల్ ట్రయల్స్ విషయంలో కోక్రేన్ (వైద్య పరిశోధనల రివ్యూలు చేసే అంతర్జాతీయ సంస్థ) వాళ్లు ఇలా మార్కులు కూడవద్దని ఎప్పటినుంచో చెప్తున్నది ఇందుకే. మొత్తం ఎంతో చూడకూడదు, ఏ అంశంలో ఎంతో చూడాలి.

నన్ను ఎక్కువగా ఇబ్బందిపెట్టింది మరొకటి. 'యాదృచ్ఛికంగా' అని ఊరికే రాసినప్పుడు నా చేతే 1 వేయించుకున్న అంశం, నిజం రాశాక 0కి పడింది. రాత మెరుగైంది, మార్కు తగ్గింది. చెప్పకపోవడానికీ, చేయలేదని నిజాయితీగా చెప్పడానికీ క్విన్‌లో ఉన్నది ఒకటే గడి. సిస్టమాటిక్ రివ్యూ చేసే పీజీకి ఈ రెండూ ఒకటే సున్నాగా కనిపిస్తాయి. నా దృష్టిలో రెండోదాని విలువ చాలా ఎక్కువ. ఆ సున్నా ఉన్న వ్యాసంలోని డేటాను ఇంకొకరు తీసుకుని తగిన జాగ్రత్తతో వాడుకోగలరు. అందుకే మా విభాగం జర్నల్ క్లబ్‌లో ఇప్పుడు క్విన్ పట్టిక పక్కన మేం ఒక నిలువు వరస కలుపుకున్నాం: 'చేయలేదని చెప్పారా?' అది ఏ మార్గదర్శకంలోనూ లేదు, మా వాడకం కోసమే.

తర్వాతి సినాప్సిస్‌లు

ఈ కేసు తర్వాత వచ్చిన కొత్త పీజీ సినాప్సిస్‌లో (థీసిస్‌కి ముందు ఇచ్చే ప్రణాళిక) కొన్ని మార్పులు చేయించాం. నమూనా లెక్కలో యూనిట్ పన్ను అని మొదటే రాయాలి. ముందొచ్చిన వ్యాసాల నుంచి తేడా, స్టాండర్డ్ డీవియేషన్ తీసుకునేటప్పుడు అవి స్టిక్‌లవా, పళ్లవా అని చూడాలి. చాలా వ్యాసాల్లో అది తెలియదు కాబట్టి చిన్న పైలట్ (ముందస్తు ప్రయోగం) తప్పదు. పళ్లకు నంబర్లు వేసి, కంప్యూటర్ ఇచ్చిన వరసను విభాగంలో మరొకరు కవర్లలో పెట్టి ఉంచుతారు. డెంటిన్ చదును చేశాకే కవర్ తెరవాలి. ఏ రోజు పనిచేసినా నాలుగు గ్రూపుల నుంచీ ఒక్కో పన్ను ఉండాలి, ఒకే గ్రూపుని ఏకబిగిన ముగించకూడదు. బయటి ల్యాబ్‌కి వెళ్లే డబ్బాల మీద నంబర్లు తప్ప అక్షరాలు ఉండవు. తెగిన తీరును ఆ నంబర్లు మాత్రమే తెలిసిన ఇంకో పీజీ చూస్తారు. ఎక్సెల్ షీట్‌లో మొదటి గడి పన్ను నంబర్.

వీటిలో దేనికీ పెద్ద డబ్బు ఖర్చు కాదు. పళ్లకే ఖర్చవుతుంది. పన్నును యూనిట్‌గా తీసుకుంటే గ్రూపుకి 5 చాలవు. ఆరు నెలల హద్దులోపు పుచ్చు లేని జ్ఞానదంతాలను అన్ని పోగేయడం మా కాలేజీ ఓపీతో కుదరదు. పక్క జిల్లాలోని మరో కాలేజీ ఓరల్ సర్జరీ విభాగాన్ని అడిగాం. ఇస్తామన్నారు. అయితే రెండు చోట్ల నిల్వ పద్ధతి ఒకటే ఉండాలి కాబట్టి జాడీలు, ద్రావణం, తేదీ లేబుళ్లు మేమే పంపిస్తున్నాం. విరిగిన స్టిక్‌లను ఎలా లెక్కేయాలన్నదానిపై నాకూ ప్రోస్థో సార్‌కీ ఇంకా కుదరలేదు. ఆయన సున్నా అంటారు, నేను రెండు రకాలుగా విశ్లేషించి రెండూ చూపిద్దామంటాను. ప్రస్తుతానికి సినాప్సిస్‌లో నా మాటే రాశాం, ఎథిక్స్ కమిటీ ముందు ఆయన అభ్యంతరం చెప్పే హక్కు ఆయనకు ఉంచి.